నాలుగో ఇంట్లో శని

మొన్న ఎల్బీ నగర్ మెట్రో కింద చాయ్ తాగుతుంటే, టీవీలో ఎవరో గ్రహాల కలయిక గురించి చెబుతున్నారు. సగం చాయ్ అక్కడే పెట్టేసి లేచాను.

నా ఎనిమిదో ఏట దిల్‌సుఖ్‌నగర్‌లో పంతులు నా జాతకం చూసి అమ్మతో అన్నాడు: "నాలుగో ఇల్లు తల్లిదమ్మా. అక్కడున్న చంద్రుడితో శని వచ్చి కలిసిండు. నీ పానానికి మంచిది గాదు."

"ఎట్ల మరి?" అంది అమ్మ, దగ్గు ఆపుకుంటూ.

"శని ఆ ఇల్లు విడిచేదాక పరేషానే."

మా గల్లీలో నాలుగో ఇంట్లో కిరాయికి ఉండేది చంద్రం మాస్టారు. కోస్తా నుంచి ఆయన తమ్ముడు వచ్చి చేరింది ఆ వారమే. అమ్మ దగ్గు వింటూ రెండు రోజులు భయపడ్డాను. మూడోనాడు ఆ ఇంటి ఓనరుతో, "సార్ వాళ్ల తమ్ముడు దాబా మీద మందు తాగుతుండు" అని చెప్పాను.

వారంలో ఖాళీ చేయించారు. సామాను ట్రాలీ ఎక్కిస్తూ మాస్టారు నన్ను పిలిచి అడిగారు: "మీ అమ్మకి దగ్గు తగ్గిందా నాన్నా?"

తగ్గింది, దవాఖాన మందులతో. నాలుగో ఇల్లంటే జాతక చక్రంలో ఒక గడి అని చాలా ఏళ్లకు తెలిసింది. గల్లీలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ తమ్ముణ్ణి తాగుబోతనే అంటారు. అతని చేతిలో నేను చూసింది పోటీ పరీక్షల పుస్తకం ఒక్కటే.