‘చెత్త’ అని రాసిన కట్ట కోసం ఖరగ్‌పూర్‌కి

ఉదయం ఏడుంబావుకి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో హౌరా వెళ్లే బండి ఎక్కాను. తత్కాల్‌లో దొరికిన స్లీపర్ టికెట్. అదృష్టం కొద్దీ కిటికీ పక్క సీటు. సంచీలో రెండు జతల బట్టలు, ల్యాప్‌టాప్, పులిహోర పొట్లం. రెండు రోజుల ముందు రూత్ ఫోన్ చెయ్యకపోతే ఈ ప్రయాణమే లేదు.

రూత్ మా సామ్యూలు మాస్టారి కూతురు. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో మాస్టారు మాకు ఇంగ్లీషు చెప్పారు. ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయో వెతకడం ఆయనకి పిచ్చి. ఒక్కో మాటకి ఒక్కో చీటీ, ఒక్కో విషయానికి ఒక్కో కట్ట. ఎండాకాలం సెలవుల్లో ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. మూడేళ్ల కిందట ఆయనకి చూపు బాగా తగ్గింది. అవన్నీ టైపు చేసి పుస్తకంగా తెస్తానని మాటిచ్చాను. ఇంతవరకు ఒక్క కట్టా తెచ్చుకోలేదు.

ఫోన్‌లో రూత్ ఏడుస్తూనే చెప్పింది. “ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ నుంచి ఇందా పేటకి ఇల్లు మారినాం కదక్కా. ఓ కట్ట మీద నాన్న చేత్తో ‘చెత్త’ అని రాసుంది. నానేటి సేసేది? పాత పేపర్లతో పాటు తూకానికి కొనే కబాడీవోడికి ఇచ్చేసినాను. కుప్పలకీ గందరగోళానికీ ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ అందులోనే ఉన్నాయంట. నాలుగు రోజులై నాతో మాటాడ్డం లేదు. అన్నం కెలికి వదిలేస్తన్నారు. సగం నీ రాతే కదా, నువ్వైతే పోలుస్తావు. ఓసారి రావా?”

పలాసలో ఒక పెద్దావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది. ఖరగ్‌పూర్ గోల్‌బజారులో గాజుల దుకాణం ఉందట. నా పని విని, “ఓల్డ్ సెటిల్‌మెంట్ కాగితాలా? అవన్నీ ఖరిదా బజార్లో కబాడీ కొట్టుకే ఎల్తాయమ్మా. వారానికోపాలి లారీకి ఎత్తేస్తారు. రేపొద్దున్నే ఎల్లు, ఆలిస్యం సెయ్యకు” అంది. దాంతో చిలికా సరస్సు వచ్చినా నా కళ్లు నీళ్ల మీద నిలవలేదు. బాలాసోర్‌లో టీ తాగాను. ఐదుంబావుకి ఖరగ్‌పూర్‌లో దిగి, ఆటోలో ఇందా చేరాను.

మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నారు. నా గొంతు గుర్తుపట్టారు.

“వచ్చినావా? ఏటి లాభం? రమ్మేజ్ చీటీ కూడా అందులోనే పోయింది.”

“దొరుకుతుంది మాస్టారూ. రేపు వెతుకుతాం.”

“ఓడ అడుగున సరుకు వరసగా సర్దడాన్ని ఒకప్పుడు రమ్మేజ్ అనీవోరు. ఇప్పుడేమో ఉన్నదంతా తిరగెయ్యడం అయిపోయింది. మీరు మాత్రం సర్దుకుంటా వెతకండి” అన్నారు. రూత్ వైపు మాత్రం తిరగలేదు.

మర్నాడు ఏడున్నరకల్లా రూత్, నేను ఖరిదాలో ఉన్నాం. కబాడీ దుకాణం వెనక రేకుల షెడ్డు, అందులో చూరు దాకా కాగితాలు. యజమాని బెంగాలీ ఆయన. బేరాల్లో నేర్చుకున్న తెలుగులో, “దీదీ, లారీ పన్నెండుకి వస్తాది. అంతవరకు చూసుకోండి” అన్నాడు.

మాస్టారు చెప్పినట్టే చేశాం. పేపర్లు ఒకవైపు, బడి పుస్తకాలు ఇంకోవైపు, విడి కాగితాలు మధ్యలో. పది దాటింది. చేతులు నల్లబడ్డాయి కానీ ఒక్క చీటీ కనబడలేదు. రూత్ పేపర్ల మీదే కూలబడిపోయింది.

“అక్కా, నీకు నిజం చెప్తాను. చిన్నప్పట్నుంచీ ఆ చీటీలంటే నాకు కోపం. నాన్న నాకన్నా వాటితోనే ఎక్కువ మాటాడీవోరు. చెత్త అని కనబడగానే, హమ్మయ్య, ఒకటి వదిలింది అనుకున్నాను.”

నేనూ పక్కనే కూర్చున్నాను. “నేనూ తప్పు చేశాను. మూడేళ్ల కిందటే పట్టుకెళ్లి ఉంటే ఇక్కడిదాకా వచ్చేదే కాదు” అన్నాను. ఇద్దరం మళ్లీ లేచాం.

పదకొండుంబావుకి పాత కేలండర్ల మధ్య నుంచి ఒక చీటీ జారింది. పదిహేనేళ్ల వయసునాటి నా గుండ్రటి రాత! ‘లిటర్: మొదట పడక. తర్వాత పశువుల కింద పరిచే గడ్డి. ఆ గడ్డి చెదిరితే చెత్త.’ దాని కింద ఇంకోటి. ‘క్లట్టర్: గడ్డకట్టడం నుంచి వచ్చింది. ఒకదానికొకటి అంటుకుపోయిన సామాన్లు.’ దారం తెగింది కానీ చీటీలు దాదాపు ఒకేచోట ఉన్నాయి. యజమాని కూడా వచ్చి గొంతుక్కూర్చుని వెతికాడు. “యే భీ? ఇదీనా?” అంటూ ఒకటి అందించాడు. ‘షాంబుల్స్: చిన్న బల్ల. తర్వాత మాంసం అమ్మే బల్ల. తర్వాత కబేళా. ఇప్పుడు చిందరవందర.’ రమ్మేజ్ చిట్టచివర దొరికింది. రూత్ దాన్ని గుండెకి హత్తుకుంది. యజమాని కొత్త పురికొస తెచ్చి కట్టంతా తనే కట్టి ఇచ్చాడు. వీధిలో లారీ హారన్ వినబడేసరికి మేము టీ తాగుతున్నాం. ఆ టీ రుచి ఇంకా నోట్లోనే ఉంది.

ఇంటికి రాగానే రూత్ కట్టని తండ్రి ఒళ్లో పెట్టింది. ఆయన వేళ్లతో అంచులు తడిమి, “ఒకటి సదువు” అన్నారు. నాతో కాదు, రూత్‌తో.

రూత్ తడబడుతూ చదివింది. “మెస్. మొదట, ఒకళ్లకి వడ్డించిన వాటా. తర్వాత, కలగలిపేసిన కూడు. ఆఖర్న, గందరగోళం.” చీటీ కట్టలో పెట్టేసి, “అయితే నాన్నా, ముందు మొదటి అర్థం కానిద్దాం. అన్నం వడ్డిస్తాను” అంది.

మాస్టారు నవ్వారు. ఆ పూట చేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నారు.

మూడో రోజు పొద్దున్న ఎనిమిదిన్నర బండికి తిరుగు ప్రయాణం. ఈసారి కట్టలన్నీ రూత్ ఇచ్చిన పెట్టెలో నాతోనే. చిలికా వచ్చింది. ఎండలో నీళ్లు మెరుస్తుంటే తనివితీరా చూశాను. బ్రహ్మపురం దగ్గర రూత్ ఒక ఫోటో పంపింది. కొత్త చీటీ, తన రాత. ‘జంబుల్: పుట్టుక సరిగ్గా తెలీదు. కలిపి కుదిపేస్తే వచ్చే చప్పుడు కావచ్చు అంటున్నారు నాన్న.’

చీటీలో అలా రాయకూడదు. మాస్టారి పద్ధతిలో చెప్పినవాళ్ల ఊసు ఉండదు. అయినా ఒడిలో ల్యాప్‌టాప్ తెరిచి, ‘నాన్న’తో సహా అలాగే టైపు చేశాను.