సెలవుల బస్సు నడిపినాయన

ఆయన రిటైరైన మొదటి నెలలోనే భార్యకి తల ప్రాణం తోకకొచ్చింది. జీవితమంతా దూరప్రయాణాల బస్సు నడిపిన మనిషి, ఇంట్లో నడపడానికేమీ లేక ఆవిణ్ణి నడపడం మొదలుపెట్టాడు. పొయ్యి మీద కూర మాడుతోందని ఒక హెచ్చరిక, గిన్నె బల్ల అంచున పెట్టావని ఇంకో హెచ్చరిక. వంటింట్లో ఆవిడ వెనక్కి అడుగేస్తే, బస్సుని రివర్సు చేయిస్తున్నట్టు "రా, రా, ఇంకా చోటుంది" అనేవాడు.

"ఏమండీ, ఆదివారాలు లైబ్రరీలో ఏదో పుస్తకం చదివి మాట్లాడుకుంటారట. వెళ్ళి రండి. మీకు కాలక్షేపం, నాకు కాస్త ఊపిరి" అంది ఆవిడ.

డిపోలో పాత వారపత్రికలు తిరగేయడం తప్ప ఆయనకి చదివే అలవాటు పెద్దగా లేదు. అయినా వెళ్ళాడు. పై అంతస్తులో పొడవాటి బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. లైబ్రేరియన్, దాదాపు ఆయన కూతురి వయసు అమ్మాయి, చేతిలో ఒక నవల పెట్టింది. చిన్నప్పటి సెలవుల కథ. వేసవి రాగానే పిల్లలందరూ బస్సెక్కి సముద్రం ఒడ్డున పెద్దమ్మ ఇంటికి వెళ్తారు. ఇసుకలో గూళ్ళు, డాబా మీద నిద్రలు, తిరిగొచ్చేటప్పుడు ఏడుపులు. వారం రోజుల పాటు, పెదవులు కదుపుకుంటూ చదివాడు.

మరుసటి ఆదివారం అందరూ కరిగిపోయి ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారికైతే కళ్ళు చెమర్చాయి. "మా మావయ్య ఇల్లూ అచ్చం ఇలాగే సముద్రం ఒడ్డునే. ఆ రోజులే వేరు!" అన్నాడు.

"మీకెలా ఉంది బాబాయి గారూ?" అని అడిగింది లైబ్రేరియన్.

"బాగుందమ్మా. కానీ బస్సు దానంతటదే వెళ్ళిపోయినట్టు రాశారు. ఇంత పుస్తకంలో డ్రైవరన్నవాడే లేడు."

అందరూ నవ్వేసరికి ఆయనకి ఊపొచ్చింది. "సెలవులంటే మీకు ఇసుక గుర్తొస్తుంది. నాకు వాంతులు గుర్తొస్తాయి. ఘాట్ రోడ్డెక్కగానే వెనక సీట్లో ఒకడు మొదలెట్టేవాడు. అంతే, మేమేం తక్కువ తిన్నామా అని మిగతావాళ్ళంతా అందుకునేవాళ్ళు!"

నవ్వులు తగ్గాక మాస్టారు మామూలుగానే అడిగాడు. "మరి మీ అమ్మాయిని ఎక్కడికి తీసుకెళ్ళేవాడివోయ్?"

లోకానికి సెలవులంటే ఆయనకి డబుల్ డ్యూటీ. "కుదిరేది కాదులెండి" అని పుస్తకం మూసేశాడు.

ఆ సాయంత్రం కూతురు భోజనానికి వచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది, ఆదివారం సగం పూటే. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద నోటికి పోవడం లేదు.

"అమ్మాయ్, చిన్నప్పుడు సెలవుల్లో నువ్వేం చేసేదానివే?"

"బస్సులో కూర్చునేదాన్ని నాన్నా."

"ఏ బస్సులో?"

"నీ బస్సులోనే! నువ్వు ట్రిప్పు నుంచొచ్చి బస్సుని కడిగే షెడ్డులో పెట్టేవాడివి. అమ్మా నేనూ క్యారియర్ తెచ్చేవాళ్ళం. నువ్వు తింటుంటే నేను మెల్లగా వెనక సీట్లోకి ఎక్కేసి అద్దాలన్నీ మూసేసేదాన్ని. పైపులతో నీళ్ళు కొట్టేవారు కదా, అద్దాల నిండా నురగ. బయటేం కనపడదు. సముద్రం లోపల కూర్చున్నాననుకునేదాన్ని. స్కూల్లో అందరూ అమ్మమ్మ ఊరు వెళ్ళొచ్చాం, అత్తయ్య ఊరు వెళ్ళొచ్చాం అంటే, నేను నీళ్ళ అడుక్కి వెళ్ళొచ్చానని చెప్పేదాన్ని."

ఆయనకి షెడ్డు గుర్తుంది. సబ్బు, డీజిలు కలిసిన వాసన గుర్తుంది. తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, నిద్ర ముంచుకొస్తుంటే తిన్న భోజనం గుర్తుంది. పిల్ల మాత్రం ఎంత వెతికినా ఆ జ్ఞాపకంలో కనిపించలేదు.

"నువ్వు లోపలున్నట్టు నాకు తెలీదే!"

"తెలిస్తే దింపేసేవారు. అందుకే చెప్పలేదు" అంది భార్య, పెరుగు వడ్డిస్తూ.

ముగ్గురూ నవ్వారు. తర్వాత ఆయన చెయ్యి కడుక్కుని బాల్కనీలో చాలాసేపు నిలబడ్డాడు. తన కూతురికి కూడా సెలవులు ఉన్నాయని సంతోషం. పక్కనే ఉండి చూడలేకపోయానని వెలితి. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాడు.

తరువాతి ఆదివారం ఈ సంగతంతా లైబ్రరీలో చెప్పాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక మాట చెప్పనా? మావయ్య ఇంటికి నేను వెళ్ళింది ఒక్కసారే. మరుసటేడు ఆయన ఇల్లు అమ్మేశాడు. ఆ ఒక్కదాన్నే సాగదీసి సాగదీసి ఇన్నేళ్ళు చెప్పుకున్నాను."

"దానికేముంది మాస్టారూ! అర టికెట్టయినా టికెట్టు టికెట్టే" అన్నాడు డ్రైవరు.

రద్దీ తగ్గిన నెల చూసి ఆయన భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని సముద్రానికి బయల్దేరాడు. బస్సులోనే. ప్రతి మలుపు దగ్గరా కుడికాలు నేలని నొక్కుతుంటే భార్య మోకాలి మీద ఒక్కటి వేసింది. "ఆ అబ్బాయి నడుపుకుంటాడు, మీరు కూర్చోండి!"

ఆ ఊరికి లెక్కలేనన్ని ట్రిప్పులు వేశాడు గానీ బస్టాండు దాటి ఏనాడూ అడుగు పెట్టలేదు. దిగినవాళ్ళు సముద్రం వైపు పరిగెత్తితే తను సీట్లోనే ఒక కునుకు తీసి బండి వెనక్కి తిప్పేవాడు. గోడల మధ్య నుంచి సన్నటి నీలి చార కనిపించేది, అంతే. ఇప్పుడు ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, కూతురి వెనకాలే నీళ్ళ దాకా నడిచాడు. అల వచ్చి విరిగింది. ఆయన ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇది ఇంత చప్పుడు చేస్తుందా?" అన్నాడు.

"నీకు ఇంజను చప్పుడులో ఎప్పుడు వినపడిందిలే" అని కూతురు ఆయన చెయ్యి పట్టుకుని ఇంకాస్త లోపలికి లాగింది.