ఆరో వంతు ఎర్ర బండి

2022 వేసవి నాటికి ఫిల్మ్ నగర్ కొండవాలు సందులో ఉన్న నా వర్క్‌షాపుకి సినిమా పని రావడం దాదాపు ఆగిపోయింది. నేను మినియేచర్లు చేస్తాను. కెమెరా ముందు పెడితే అసలైనవే అనిపించే చిన్న నమూనాలన్నమాట. ఇళ్ళు, వంతెనలు, రైళ్ళు, పడవలు. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఏ సినిమాలో వరద వచ్చినా, వంతెన కూలినా మాకు కబురు వచ్చేది. తర్వాత ఆ పనంతా కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ళ చేతికి వెళ్ళింది. నేను బిల్డర్ల కోసం అపార్ట్‌మెంట్ నమూనాలు చేస్తూ వచ్చాను. బాల్కనీల్లో గోరంత పూలకుండీలు, స్విమ్మింగ్ పూల్ పక్కన అగ్గిపుల్లంత మనుషులు. వాటితో రోజులు సాఫీగానే గడిచేవి. కాకపోతే వాటిలో ఏదీ కదలదు. కదిలే వస్తువు చేసి చాలా ఏళ్ళయింది.

అలాంటప్పుడు ఒకరోజు ఆర్ట్ డైరెక్టర్ ప్రకాశరావు గారు వచ్చారు. నాకు మొదటి సినిమా పని ఇప్పించింది ఆయనే. కూర్చోకుండానే ఫోన్లో ఒక ఫొటో చూపించారు.

"ఇది చేయగలవా అమ్మా?"

పండు మిరపకాయ రంగులో ఒక కారు. హాట్ రాడ్ అంటారు దాన్ని. పాతకాలపు కారు తీసుకుని, మడ్‌గార్డులు పీకేసి, బానెట్ ఎత్తేసి, పెద్ద ఇంజన్ బయటికి కనబడేలా బిగిస్తారు. ముందు చక్రాలు సన్నగా, వెనక చక్రాలు లావుగా ఉంటాయి. మూతి కిందికి దించి, పరుగుకి సిద్ధంగా ఉన్న పోట్లగిత్తలా నిలబడుతుంది. ఈ బండికి ఇంజన్ పక్కనుంచి ఆరు పొగ గొట్టాలు వంపు తిరిగి బయటికి వచ్చాయి.

"క్లైమాక్స్‌లో ఇది కంచె బద్దలు కొట్టుకుని రాళ్ళ క్వారీలో పడాలి. గ్రాఫిక్స్‌లో చేసి చూశారు. గాల్లో తేలుతున్నట్టుందని డైరెక్టర్‌కి నచ్చలేదు. అసలు బండినే తోసేద్దాం అంటున్నాడు. నేను అడ్డుపడి, ఒక్కసారి మినియేచర్‌తో టెస్ట్ షాట్ తీద్దాం అన్నాను. నువ్వు చేసింది నమ్మేట్టుంటే సరే. లేకపోతే బండి క్వారీలోకే."

"ఇలాంటిది ఇంకోటి లేదాండీ?"

"లేదు. బోరబండలో యాదగిరి అని ఒక మెకానిక్ కొన్నేళ్ళు కూర్చుని చేతులతో చేసుకున్నాడు."

నేను ఒప్పుకున్నాను. చెప్పాలంటే ఆయన అడగకముందే ఒప్పేసుకున్నాను.

మర్నాడు ఆ బండే మా సందులోకి వచ్చింది. చప్పుడుకి పక్కింటి కిటికీ అద్దాలు గలగలలాడాయి. దిగిన మనిషికి యాభై దాటి ఉంటాయి. తెల్లచొక్కా, నూనె మరకలున్న ప్యాంటు. లోపలికి వచ్చి, బల్ల మీదున్న అపార్ట్‌మెంట్ నమూనాలన్నీ వరసగా చూశాడు.

"మీరేనా మేడం, నా బండిని బొమ్మ జేసేది?"

"నేనేనండీ. కొలతలు తీసుకోవాలి."

"తీస్కోండ్రి. జర మంచిగ జెయ్యిండ్రి. నేను షూటింగుకు కిరాయికిచ్చిన. నడిపిచ్చుకుంటం అన్నరు. తోసేస్తమని గప్పుడు చెప్పలే. కథ మారిందంట. పాడైతే ఖరీదు కట్టిస్తరంట. ఖరీదు తీస్కొని నేనేం జెయ్యాలె? బండి మల్ల వస్తదా?"

నేను టేపు తీసుకుని బండి కిందికి దూరాను. ఆయన కాసేపు నిలబడి చూసి, తనూ వంగి టేపు రెండో కొస పట్టుకున్నాడు.

నమూనా ఆరో వంతు సైజులో అనుకున్నాం. అంటే రెండు అడుగులు దాటి ఉంటుంది. మామూలు కార్లకైతే బజార్లో కిట్లు దొరుకుతాయి, ముక్కలు తెచ్చి అతికించుకోవచ్చు. ఈ బండికి కిట్ ఎక్కడుంటుంది? ప్రతి ముక్కా ముడిసరుకు నుంచి సొంతంగా చేసుకోవాలి. దాన్నే మేం స్క్రాచ్ బిల్డ్ అంటాం.

పడినప్పుడు అసలు కారులా నలగాలి కాబట్టి బాడీ ప్లాస్టిక్‌తో కుదరదు. ప్లాస్టిక్ పగులుతుంది, ముడతలు పడదు. చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్ నుంచి వాడి పారేసిన ఆఫ్‌సెట్ ప్లేట్లు తెచ్చాను. పల్చటి అల్యూమినియం రేకులవి. చెక్కతో కారు ఆకారం చెక్కి, రేకుని కొద్దిగా వేడిచేసి మెత్తబరిచి, దాని మీద చిన్న సుత్తితో కొట్టి వంపులు తెచ్చాను. ముందు జాలీకి ఇంజెక్షన్ సూదులు కోసి వరసగా అతికించాను. హెడ్‌లైట్లకు గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర పాత వాచీ అద్దాలు దొరికాయి. టైర్లకు లేత్ మీద ఒక నమూనా తిప్పించి, దాని నుంచి సిలికాన్ అచ్చు తీసి, రబ్బరు పోశాను.

అన్నిటికంటే సతాయించినవి ఆ ఆరు గొట్టాలు. సన్నటి అల్యూమినియం గొట్టాన్ని వంచితే వంపు దగ్గర చప్పబడిపోతుంది. లోపల సన్నటి ఇసుక దట్టించి, రెండు చివర్లూ మూసి, మెల్లగా వంచాలి. ఎన్ని పాడుచేశానో లెక్కపెట్టలేదు. ఆరూ ఒకేలా వచ్చాక వెండి రంగు మెరుపుతో వరసగా పెట్టుకుని మురిసిపోతుంటే యాదగిరి వచ్చాడు. ఆయన రెండు రోజులకోసారి వచ్చి చూసి పోయేవాడు.

"రంగు గిట్ల ఉండదు మేడం. ఇంజన్ వేడికి మొదలు కాడ నీలం తిరుగుతది, కొసకు గోధుమ రంగు."

నిజమే. బండి దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, పారదర్శకంగా ఉండే సిరాలు పొరలు పొరలుగా చల్లాను. ఆయన ఒక గొట్టం చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పాడు. దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా తిరిగి పెట్టాడు.

టెస్ట్ షాట్ మా వర్క్‌షాప్ వెనక ఖాళీ స్థలంలో తీశారు. మట్టి, కంకరతో చిన్న క్వారీ అంచు కట్టాం. బండి నేల మీద ఒక గతుకు దాటి, అంచు దాకా వచ్చి ఆగాలి. అంతే. చిన్న వస్తువు వేగంగా కదిలి తేలిపోతుంది కాబట్టి కెమెరాని మామూలు కంటే రెట్టింపు పైగా వేగంతో తిప్పుతారు. తెర మీద చూసేటప్పుడు కదలిక నెమ్మదించి, వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది. ఆ ఏర్పాటంతా చేశాం. కంటికి కనబడని తీగతో బండిని లాగాం.

మానిటర్‌లో చూసి దర్శకుడు పెదవి విరిచాడు. ముప్పై అయినా దాటని కుర్రాడు, మాట మాత్రం సూటి.

"ఫొటో తీస్తే అసలు బండే అండీ. కదిలితే మాత్రం బొమ్మ. గతుకు దగ్గర చూడండి, గెంతింది."

నేను మళ్ళీ వేయించుకుని చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సూదుల జాలీ, నీలం తిరిగిన గొట్టాలు, అన్నీ ఉన్నాయి. గతుకు రాగానే ప్లాస్టిక్ బుట్టలా ఎగిరిపడింది.

"వచ్చే వారం క్వారీ పర్మిషన్ ఉంది. అసలు బండితోనే తీసేద్దాం" అని దర్శకుడు లేచాడు.

యాదగిరి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మొహం వైపు చూడటం నావల్ల కాలేదు.

"ఇంకొక్క టెస్ట్ ఇవ్వండి" అన్నాను. "మీ క్వారీ రోజుకి ముందే. అది కూడా నచ్చకపోతే నేనింక అడగను."

ప్రకాశరావు గారు దర్శకుడి భుజం మీద చెయ్యేశారు. "ఇద్దాంలే. పోయేదేముంది?"

అందరూ వెళ్ళాక యాదగిరిని అడిగాను. "నన్ను బండిలో ఒకసారి తిప్పుతారా?"

"ఏడికి?"

"ఎక్కడికైనా. గతుకులుండాలి."

కొలతలన్నీ తీశాను గానీ అప్పటిదాకా ఆ బండిలో కూర్చోలేదు. ఫిల్మ్ నగర్ నుంచి దిగి షేక్‌పేట మీదుగా టోలిచౌకి వైపు వెళ్ళాం. రోడ్డు మీద అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. నేను ఒక చెయ్యి డాష్‌బోర్డు మీద, ఒకటి తలుపు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాను.

"భయమయితుందా?"

"లేదన్నా. వింటున్నాను. ఆ స్పీడ్ బ్రేకర్ మళ్ళీ ఒకసారి దాటించండి."

మళ్ళీ దాటించాడు. మూతి దిగింది, నిదానంగా లేచింది, ఒక్కసారి ఊగి కుదురుకుంది. వెనక భాగం ఆ తర్వాత కదిలింది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజన్ తిరిగే జోరుకి బండి మొత్తం ఒక పక్కకి ఒరిగింది. బ్రేక్ వేస్తే ఆగాక కూడా ఇంకొక్క క్షణం ముందుకి వంగే ఉంది. నా నమూనాలో ఇవేవీ లేవు. చక్రాలు ఇరుసుకి బిగించి ఉన్నాయి, తిరుగుతాయి. అంతవరకే ఆలోచించాను. ఇన్నేళ్ళు కదలని భవనాలు చేసిన అలవాటు చేతుల్లోకి వచ్చేసింది.

"సమజైందా మేడం?" అన్నాడు యాదగిరి వెనక్కి తిప్పుతూ.

"అయింది. కింద భాగం మొత్తం విప్పేస్తాను."

విప్పేశాను. ముందు బరువు. ఆ సైజుకి నా నమూనా మరీ తేలిక. సీసం ముక్కలు కరిగించి ఛాసిస్ అడుగున, ఇంజన్ కింద పోశాను. స్ప్రింగుల్లా పనిచేసే కమాను పట్టీలకు పాత స్టీలు టేపుని సన్నగా చీల్చి, పొరలుగా కలిపి కట్టాను. అసలు చిక్కు షాక్ అబ్జార్బర్లది. స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేవి అవి. అంత చిన్నవి ఎక్కడా దొరకవు. జాలీ కోసం సూదులు తీసుకున్నాక మిగిలిన సిరంజిలు బల్ల కింద డబ్బాలో ఉన్నాయి. అన్నిటికంటే చిన్న నాలుగు తీసుకుని, లోపలి పిస్టన్‌కి సన్నటి రంధ్రం పెట్టి, నూనె పోసి మూశాను. నొక్కితే నూనె ఆ రంధ్రం గుండా మెల్లగా అటు నుంచి ఇటు పోవాలి. కుట్టు మిషన్ నూనె మరీ పల్చన. కొబ్బరినూనె పోస్తే ఇంకా గెంతుతోంది. చివరికి ఆముదం పోశాను.

వేలితో బండి మూతిని కిందికి నొక్కి వదిలాను. నిదానంగా లేచింది. ఒక్కసారి ఊగి కుదురుకుంది.

టోలిచౌకి రోడ్డు మీద నా అరచేతికి తెలిసిన కదలిక ఇదే. ఇంకో నాలుగుసార్లు నొక్కి చూశాను. పని అయిపోయిందని తెలిసినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.

రెండో టెస్ట్‌కి అదే గతుకు, అదే అంచు. తీగ లాగాం. తర్వాత అందరం మానిటర్ చుట్టూ చేరాం. ఎర్ర బండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. గతుకు దగ్గర మూతి దించింది, లేచింది, కొంచెం ఒరిగి, అంచు వైపు దూసుకుపోయింది.

నా పక్కన నిలబడ్డ యాదగిరి కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కాడు. బ్రేక్ తొక్కినట్టు.

ఆయనకి ఆ సంగతి తెలియలేదు. దర్శకుడు మాత్రం చూశాడు. మానిటర్ వదిలి యాదగిరి కాలు వైపు, తర్వాత నా వైపు చూశాడు.

"యాదగిరి గారూ, మీ బండి మీరు తీసుకెళ్ళిపోవచ్చు. మాకు ఇది చాలు."

యాదగిరి జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. "చెల్లె, నా బండికి జబర్దస్త్ తమ్ముణ్ణి జేసినవ్" అన్నాడు. అప్పటిదాకా నేను మేడమ్‌ని.

అసలు షాట్ ఊరి బయట కట్టిన చిన్న క్వారీ దగ్గర, పొద్దుటి ఎండలో తీశాం. నమూనా ఒకటే కాబట్టి ఒకటే టేక్. కంచె విరగ్గొట్టుకుని, గాల్లో బరువుగా మూతి వంచి, కింద రాళ్ళ మీద పడింది. ఆఫ్‌సెట్ రేకు నేను ఆశపడ్డట్టే ముడుచుకుపోయింది. ఒక వెనక చక్రం ఊడి, దానంతట అదే దొర్లుకుంటూ కెమెరా ముందుకి వచ్చి పక్కకి పడిపోయింది. అది మేం అనుకున్నది కాదు. దర్శకుడు "కట్" అనడం కూడా మరిచిపోయాడు. తర్వాత యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. అంత కష్టపడి చేసింది నుజ్జయిపోతే బాధ లేదా అని చాలామంది అడిగారు. లేదు. అలా నలగడానికే దాన్ని అంత శ్రద్ధగా చేశాను.

సినిమా విడుదలయ్యాక మధురానగర్ నుంచి మా అమ్మని తీసుకుని మ్యాట్నీకి వెళ్ళాను. క్వారీ సీను వచ్చింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. బండి పడ్డాక మా వెనక వరసలో ఒకతను పక్కవాడితో అన్నాడు: "మస్తు బండి రా. గంత మంచి బండిని ఊకెనే ఖరాబ్ జేసిండ్రు."

మా అమ్మ వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. చీకట్లో నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఇన్నేళ్ళలో నాకు దక్కిన ప్రశంసల్లో అంత పెద్దది లేదు.

ఆ తర్వాత సినిమా పని మళ్ళీ రావడం మొదలైంది. కారు తర్వాత పడవ వచ్చింది, ఆ తర్వాత ఒక పాత లారీ. మా రంగంలోకి రావాలనుకునే వాళ్ళు ఏ పనిముట్లు కొనాలి, ఏ జిగురు మంచిది అని అడుగుతుంటారు. అవన్నీ చెబుతాను. కానీ ఆ ఎర్ర బండి నాకు నేర్పింది వేరు. టేపు పట్టుకుంటే వస్తువు ఎంత ఉందో తెలుస్తుంది. అది ఎలా ఉంటుందో తెలియాలంటే దానితో కొంత దూరం ప్రయాణం చెయ్యాలి. మొన్న ఆ లారీ యజమాని, కొలతల కోసం తలుపు తీసి పెట్టి, ఎక్కడ నుంచి మొదలుపెడతారు అని అడిగాడు. టేపు సంచిలోనే ఉంచి, క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చున్నాను. "ముందు స్టార్ట్ చెయ్యండి" అన్నాను.