పామాయిల్ తోటలో వెతికిన సాయంత్రం

ఆటిజం ఉన్న పిల్లలకు, పేరు పిలిస్తే తిరిగి చూడటం ఎలా నేర్పాలన్నదే యూనివర్సిటీలో ఇన్నేళ్లుగా నా పరిశోధన. ఆ పని మీదే చండ్రుగొండ దగ్గర ఒక ఊరికి వెళ్లేదాన్ని. అక్కడొక పాప. మాటలు రావు. బడి గదిలో కూర్చోబెట్టి పేరు పిలిచేదాన్ని. తిరిగి చూడగానే తనకిష్టమైన సబ్బు బుడగలు ఊదేదాన్ని. నెలల తరబడి అలా చేశాక, పిలిచినప్పుడల్లా చూడసాగింది. సెమినార్‌లో ఆ వీడియో చూసి అందరూ మెచ్చుకున్నారు.

ఒక మధ్యాహ్నం నేను కొత్తగూడెంలో ఉండగా వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"మేడం, పిల్ల కనవడ్తలేదు. నేను నీళ్లు తెచ్చేలోపల ఎటో పోయింది."

నేను చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి వెనక పామాయిల్ తోట, దాని అవతల వాగు, ఆపైన అడవి. ఊరంతా పేరు పెట్టి అరుస్తోంది. నేనూ అరిచాను. వాగులో ఇద్దరు మగవాళ్లు కర్రలతో నీళ్లు కెలుకుతున్నారు. నీళ్లంటే ఆ పిల్లకు ప్రాణం.

"మీరు పిలిస్తే సూస్తది గదా మేడం. ఇంకోపాలి పిలువుండ్రి," అంటూ వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

నేను నేర్పింది చప్పుడు లేని గదిలో. ఇన్ని అరుపులకు పిల్ల బెదిరి ఇంకా లోపలికి పోతుందేమో. కాసేపు అరవకుండా ఆగమని అందరినీ బతిమాలాను. కొందరు విసుక్కున్నారు. ఎలాగో సద్దుమణిగాక, పిల్ల ఎప్పుడూ తీసే సన్నటి కూనిరాగం వినిపించింది. తోటలో డ్రిప్ పైపు పగిలిన చోట బురదలో కూర్చుని ఉంది. కొరుక్కున్న చెయ్యి నెత్తురోడుతోంది.

తల్లి ఏడవలేదు. పిల్లను చంకనేసుకుని నన్ను అడిగింది.

"రేపు మిరపకాయలు ఏరవోవాలె. దీన్ని ఏం జేయాలె? కట్టెయ్యాల్నా?"

"కట్టెయ్యకక్కా."

"మరి మీరుంటరా?"

నేను పిల్ల చేతి నెత్తురు తుడవసాగాను.

తర్వాత పాఠాలను గదిలోంచి తోటకు, వాగు దారికి మార్చాను. అక్కడ పిలిస్తే పిల్ల ఒక్కోసారి చూస్తుంది. చూడని రోజులే ఎక్కువ. తల్లి కూలికి పోయేటప్పుడు తలుపుకు బయట గొళ్లెం పెడుతుంది. లోపల పిల్ల తలుపు బాదుతుంటే ఒకసారి విన్నాను. గొళ్లెం పెట్టొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.