గౌరీశ్వరి వాసన చూసి కొన్న మిక్సీ

మిక్సీని ఒక్కసారైనా బోర్లించి చూసినవాడు దాన్ని మెచ్చుకోడు. పైనంతా తళతళ, అడుగున ఎండిపోయిన పచ్చడి, జిడ్డు, బొద్దింక గుడ్లు. మా మరదలు ఇంట్లో మిక్సీ బోర్లించిన రోజు నుంచి నేను కొబ్బరి పచ్చడి ముట్టడం మానేశాను. అయినా ఆ మిక్సీ సంగతి చెప్పకుండా గౌరీశ్వరి ఎలాంటి మనిషో చెప్పలేను.

గౌరీశ్వరి నా భార్యకి చెల్లెలు. కాశీబుగ్గలో ఉంటుంది. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పప్పు ఏరింది. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు, మాడినది బయటికి. అది కళ్లతో చేసే పని అని అందరూ అనుకుంటారు. ఆమె ముక్కుతో చేసేది. ఒకసారి ఇచ్ఛాపురం బస్సులో వెనక సీటు మనిషి సంచిలో పప్పుకి చెమ్మ తగిలిందని చూడకుండానే చెప్పింది. అతను అక్కడే బస్సు దిగిపోయి, రోడ్డు పక్కన తువ్వాలు పరిచి పప్పు ఎండబెట్టుకున్నాడు. కండక్టరే సాక్షి. ఆ కండక్టరు ఇప్పుడు లేడు కాబట్టి మీరు నా మాటే నమ్మాలి.

ఆమె భర్త మల్లేశ్వరరావు నాకు తోడల్లుడు. నిరుడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఏది పెట్టినా మెత్తగా రుబ్బి పెట్టాలి, చిన్న పలుకు తగిలినా పొలమారుతుందని డాక్టరు చెప్పాడు. అన్నం, పప్పు, చేప, అరటిపండు, అన్నీ మిక్సీలోంచి రావలసిందే. ఆ ఇంట్లో మిక్సీ అంటే ఆయన పళ్లు. ఆ పళ్లు ఏడాదిలో రెండుసార్లు కాలిపోయాయి.

మూడోది నేనే కొనిచ్చాను. వంకాయ రంగు, నాలుగు జార్లు, ముందు నీలం దీపం. దాని మోతకి పలాస స్టేషన్లో ఇద్దరు ప్రయాణికులు రైలొచ్చేసిందని మూటలు ఎత్తుకున్నారు. నెల తిరక్కుండా మల్లేశ్వరరావు తిండి మానేశాడు. చెంచా దగ్గరకి తెస్తే మొహం తిప్పుకునేవాడు. బలవంతంగా పెడితే ఉమ్మేసేవాడు. వారంలో దవడలు లోపలికి పోయాయి. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

"మొండికేసినాడే గౌరీ. మనిషికి విరక్తి పుట్టింది," అన్నాను నేను.

"మీ తోడల్లుడికి విరక్తేటి బావా. గొంతు దిగకపోయినా చేపల వాసనకి తల తిప్పి సూత్తాడు."

ఆ మాట అంటూ ఇంకో చెంచా పెట్టింది. ఆయన అది నా చొక్కా మీద ఉమ్మాడు. బూడిద రంగు ముద్ద, గోరువెచ్చగా, గుండీల మీంచి జారుతోంది. నేను పెరట్లోకి వెళ్లి కడుక్కుని వచ్చేసరికి గౌరీశ్వరి అదే చెంచా తన నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. వండిన గిన్నెలో రోజూ రుచి చూసేది. మిక్సీలోంచి వచ్చాక ఆ ముద్దని రుచి చూడాలని ఎవరికి అనిపిస్తుంది? పైన వేసిన నెయ్యి, ఇంగువ వాసన మిగతా వాసనలన్నీ కప్పేసేది, ఆమె ముక్కుకీ చిక్కలేదు.

"బావా, ఇది తిను."

"నాకెందుకే."

"తిను. నువ్వు కొన్న మిక్సీయే గదా."

తిన్నాను. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టరు గారి సైకిలు ట్యూబు ఏ రుచో తెలుసుకుందామని కొరికి మొట్టికాయలు తిన్నాను. అరవై ఏళ్ల తర్వాత అదే రుచి. దాని వెనకాల గ్రీజు. జారు బోర్లిస్తే బ్లేడు కింద ఇరుసు చుట్టూ నల్లగా, కాటుకలాగా ఊరుతోంది. గౌరీశ్వరి వేలితో తీసి వాసన చూసింది.

"ఇది పెట్టినాను ఆయనకి. నోరుంటే సెప్పీవోడు. నోరు లేక ఉమ్మినాడు."

జారు చంకలో పెట్టుకుని కాశీబుగ్గ బజారులో మిక్సీలు బాగుచేసే నిరంజన్ దగ్గరకి వెళ్లాం. అతను జారు చూసి, మూత వాసన చూసి, మొహం చిట్లించాడు.

"జీడిపప్పు ఏత్తన్నావా పిన్నీ?"

"బలానికని పిడికెడు ముక్క. అన్నిట్లోనూ."

"మన ఊల్లో మిక్సీలు సచ్చేది అందుకే. ఫ్యాక్టరీలోంచి ఊరికే వొచ్చే ముక్క గదా అని పొడిగా పడేత్తారు. అది ముద్దయిపోయి బ్లేడుని పట్టీసుకుంటాది. మోటారు కాలతాది. పప్పు నూనె బ్లేడు కింద రబ్బరు వాసరులోకి దిగి మెత్తబెడతాది, లోపలి గ్రీజు పైకొత్తాది."

ముప్పై ఏళ్లు పప్పు మధ్య కూర్చున్న మనిషి తల దించుకుంది. నాకు నవ్వు రాలేదు. వంకాయ రంగు చూసి కొన్నవాణ్ని నేనే.

"అయితే ఏటి కొనాల సెప్పు," అంది.

"దీపాలు సూడకు. జార్లు రెండు సాలు. ఎత్తి సూడు, బరువుండాల. బ్లేడు బిగిసిపోతే మోటారుని దానంతటదే ఆపీసే ఎర్ర బొత్తం అడుగునుండాల. దాని వాసరు, బుష్షులాంటి సామాను నా దగ్గర దొరకాల. దొరకనిది ఎంత గొప్పదైనా కొనకు. ముక్క నానబెట్టి, నీల్లు పోసి రుబ్బు."

ఇంటికెళ్లి జీడిముక్క నానబెట్టుకుని, సాయంత్రం పెద్ద కొట్టుకి వెళ్లాం. మెడలో టై కట్టుకున్న తేజ అనే కుర్ర సేల్స్‌మన్ జారులో నీళ్లు పోసి మిక్సీ తిప్పి చూపించాడు.

"స్మూత్‌గా ఉంది కదమ్మా."

"నీల్లని గరిటితో నానూ తిప్పగల్ను బాబూ." సంచిలోంచి అన్నం, ఉడికిన పప్పు, నానబెట్టిన జీడిముక్క తీసింది. "ఇది తిప్పు."

"డెమోకి అలాంటివి వెయ్యకూడదమ్మా. ఓనరు ఊరుకోరు."

"కొనీసినాక నా ఇంటికొచ్చి మీ ఓనరు తిప్పుతాడేటి?"

నేను వెనక నిలబడి, ఆవిడ ఫ్యాక్టరీ తరఫున యాభై మిక్సీలు కొనడానికి వచ్చిందని ఓనరు చెవిన వేశాను. వెంటనే అనుమతి దొరికింది. మొదటిది రెండు నిమిషాలు తిప్పించి, ఎత్తి, అడుగున ముక్కు పెట్టింది. "మాడు వాసన," అని పక్కన పెట్టింది. రెండోది తిప్పాక జారు కింద వేలు పెట్టి చూసి, తడి తగిలిందని అదీ వద్దంది. మూడోది బిస్కెట్ రంగుది, రెండు జార్లు, ఎత్తుతుంటే తేజ మూలిగాడు. తిప్పింది, ఆపింది, వాసన చూసింది. బ్లేడు కింద వేలు పెట్టి తుడిచి ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

"అమ్మా, అది డెమో జారు, రోజూ అందరూ ముట్టుకుంటారు," అన్నాడు తేజ, వాంతి వచ్చేవాడిలాగా.

"మనుసుల మురికైతే ఫరవాలేదు," అంది.

నిరంజన్‌కి ఫోను చేసి, దాని సామాను ఉందని చెప్పించుకున్నాకే డబ్బు తీసింది. యాభై మిక్సీల సంగతి ఓనరు అడిగేలోగా నేను ఆటోలో ఉన్నాను.

ఇంటికొచ్చి జారుని వేడినీళ్లతో మూడుసార్లు కడిగి, అన్నం, పప్పు రుబ్బింది. చెంచా తెచ్చింది. మల్లేశ్వరరావు ముక్కు దగ్గరకి రానిచ్చి చాలాసేపు చూశాడు. నోరు తెరవలేదు. అప్పుడాయన ఎడమ చేత్తో ఆ చెంచా పట్టుకుని, మెల్లగా నా వైపు తిప్పాడు.

"నువ్వు ముందు తినాలంట బావా," అంది గౌరీశ్వరి.

తిన్నాను. మింగి తల ఊపాను. ఆయన నోరు తెరిచాడు. గిన్నె ఖాళీ అయింది.

ఇప్పటికీ నేను వెళ్తే మొదటి చెంచా నాదే. ఉప్పు చాలని ముద్ద, చేపా అన్నం కలిసి మైదాపిండి జిగురులా ఉంటుంది. ఈ వయసులో అంత రోత తిండి ఇంకెక్కడా తినలేదు. ఆయన నా గొంతు వైపే చూస్తుంటాడు. ముద్ద దిగినట్టు కనబడ్డాకే నోరు తెరుస్తాడు.