లోపలి కెరటాలూ, బాబాయి గారి తొట్టీ

పిహెచ్‌డిలో చేరి ఆరేళ్ళయింది. అమలాపురంలో ఆటో ఎక్కినా, కూరలు కొనుక్కున్నా ఒకటే ప్రశ్న: "ఇంకా అవ్వలేదాండి?" నేను కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని. నాలుగు పాఠాలు చెప్పుకుని హాయిగా ఉండక, సముద్రం లోపలి కెరటాల మీద పరిశోధనంటూ నెత్తికెత్తుకున్నాను. కిందటేడు యూనివర్సిటీ వాళ్ళు చెప్పేసేరు, ఈసారి సెమినార్లో చూపించడానికి ఒక్క కెరటమైనా లేకపోతే రిజిస్ట్రేషను రద్దు చేస్తామని. అంటే ఆరేళ్ళూ గోదాట్లో కలిసినట్టే.

ఇవి పైకి కనపడే కెరటాలు కావు. వరదల తరవాత గోదారి మోసుకొచ్చిన మంచినీళ్ళు సముద్రం మీద తేలికగా, వెచ్చగా పరుచుకుంటాయి. అడుగున ఉప్పునీళ్ళు బరువుగా, చల్లగా ఉంటాయి. రెంటికీ మధ్య ఒక సరిహద్దు. తీరం నుంచి కొంతదూరం సముద్రం అడుగు ఇంటి అరుగులా ఉండి, అక్కణ్ణించి ఒక్కసారి లోతుకి దిగిపోతుంది. పోటూ పాటూ ఆ అరుగు అంచు మీదుగా నీళ్ళని అటూ ఇటూ తోసినప్పుడల్లా సరిహద్దు ఊగి కెరటం పుడుతుంది. పైన ఎవరికీ తెలీకుండా అది ఒడ్డువైపు నడిచొస్తుంది. అడుగు మెరక అవుతున్నకొద్దీ నిటారుగా లేచి, చప్పుడు లేకుండా విరిగి, చల్లనీళ్ళనీ వెచ్చనీళ్ళనీ కలిపేసి అక్కడే చచ్చిపోతుంది. పైన మహా అయితే నాలుగు నునుపు చారలు కనిపిస్తాయి. ఇదంతా విని మా ఆయన, "కనపడని దానికి ఆరేళ్ళెందుకే, ఊహించి రాసెయ్" అన్నారు. ఆ పూట ఆయనకి కాఫీ లేదు.

అంతర్వేది వైపు ఒడ్డున ఒక బాబాయి గారున్నారు. చుట్టరికమేం లేదు. ఆయన వేటకెళ్ళే మనిషి, నేను ఆయన బోటులోనే సముద్రం మీదకి వెళ్తాను. కార్తీకంలో ఇద్దరం వెళ్ళి, ఒక తాడుకి బరువు కట్టి, మధ్యలో నీటి వేడి కొలిచే గొట్టం కట్టి దించేం. నాలుగు నిమిషాలకోసారి తనే లెక్క రాసుకుంటుందది. నెల తరవాత తియ్యాలి. సరిగ్గా అప్పుడే నాకు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. "మీరెందుకండి శ్రమ, నేను తెచ్చేస్తాను కదండి" అన్నారు బాబాయి గారు. చెప్పిన రోజుకి చెప్పినట్టే సంచీలో పెట్టుకుని బస్సులో తెచ్చి ఇచ్చేరు.

గ్రాఫు గీసి చూస్తే మొదటి ఇరవై రోజులూ ఉత్త చదును గీత. ఆ తరవాత ఓ గంటసేపు ముప్పై రెండు డిగ్రీలు చూపించింది. యంత్రానికీ ఒక్కోసారి ఒళ్ళు వెచ్చబడుతుందేమోలే అని ఆ ముక్క కొట్టేసేను. ఇక చివరి పదిరోజులూ... అబ్బబ్బ, ఏం కెరటాలండీ అవి! నీళ్ళు దబ్బున చల్లబడ్డం, మెల్లిగా వెచ్చబడ్డం, పన్నెండు గంటలకి మళ్ళీ దబ్బున చల్లబడ్డం. లోపలి కెరటం మెరకకొచ్చి విరిగితే అచ్చం ఇలాగే ఉంటుంది. గైడు గారు ఫోన్లో "గట్టెక్కేసేవమ్మా!" అని అరిచేరు. నేను హాల్లో గెంతేను.

సెమినారు సోమవారం. ఆదివారం స్వీట్లూ, ల్యాప్‌టాపూ పట్టుకుని బాబాయి గారింటికెళ్ళేను. పిన్ని గారు విస్తరేసి, చేపల పులుసు పోసి, "తింటూ చెప్పండి" అన్నారు. కింద రోజులూ గంటలూ, పక్కన డిగ్రీలూ అని చెప్పి గ్రాఫు చూపించేను. ఆవిడ తెర మీద వేలు పెట్టేరు.

"ఇది పొద్దున్న ఆరాండి?"

"ఆయ్."

"మర్నాడు?"

"ఆరేనండి."

"పదో రోజుకీ ఆరేనా?"

"ఆరేనండి పిన్ని గారూ. చూసేరా, ఎంత క్రమశిక్షణో!"

"సముద్రానికి క్రమశిక్షణెక్కడిదండి? పోటు రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుద్ది కదండి. ఇవాళ ఆరైతే రేపు ఏడు కావొస్తది."

నోటిదాకా వెళ్ళిన ముద్ద మళ్ళీ విస్తట్లో పెట్టేసేను. రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. చంద్రుడూ, పోటూ, ఆలస్యమూ అని ఏటా బోర్డు మీద రాసి మరీ చెప్పేది నేనే! బాబాయి గారు ఆవిడకి కనుసైగలు చేస్తున్నారు. ఆవిడ చూస్తేనా.

"ఆరింటికొచ్చేది చేపలకి ఐసు తెచ్చే బండండి. పొద్దునా సాయంత్రం మా పెరట్లో తొట్టిలో నేనేసిన ఐసేనండి ఇది!"

గొట్టం పదిరోజుల ముందే వలకి చిక్కి పైకొచ్చేసిందట. "మీరు పేపర్లు దిద్దుకుంటున్నారు, కంగారు పెట్టడమెందుకని చెప్పలేదండి" అన్నారు బాబాయి గారు నేల చూస్తూ. "చల్లటి అడుగున ఉండే వస్తువు కదండి, ఎండకి పాడైపోద్దని ఉప్పునీళ్ళ తొట్టిలో పెట్టి ఐసు వేయించేను. ఏ లోటూ రానివ్వలేదండి."

లోటు రానివ్వలేదట! కొత్తల్లుడికి చేసినంత మర్యాద చేసేరు దానికి. "నా కొంప ముంచేసేరు కదండీ!" అని అరిచేను. అరుస్తూనే ఏడ్చేసేను. "ముందు తినండి, తిన్నాక తిడుదురు గాని" అంటూ పిన్ని గారు ఇంకో గరిటె పులుసు వేసేరు.

అబద్ధమెందుకు, ఒక్క క్షణం దుర్బుద్ధి పుట్టింది. ఈ ఐసు సంగతి సెమినార్లో ఎవరికి తెలుస్తుంది? కానీ పిన్ని గారు ఎదురుగానే కూచుని నా మొహంలోకే చూస్తున్నారు. ఎడమచేత్తోనే ఆ పదిరోజులూ చెరిపేసేను.

తెర ఒక్కసారి వెలిగి ఆరి, మిగిలిన ఇరవై రోజుల్నీ కొత్తగా గీసింది. ఐసు చేసిన ఎనిమిది డిగ్రీల గోతుల్ని పట్టించడానికి కంప్యూటరు ఇన్నాళ్ళూ మిగతాదంతా అణిచిపెట్టేసింది. అది పోయేసరికి చదును గీత కాస్తా లేచి నిలబడింది. చిన్న చిన్న కెరటాలు, డిగ్రీ, డిగ్రీన్నర.

పిన్ని గారు మళ్ళీ వేలు పెట్టేరు. "ఇదెప్పుడండి?"

"నాలుగుంపావు."

"మర్నాడు?"

"అయిదు దాటి మూడు నిమిషాలు."

మూడో రోజుది నేను చూసే లోపే, గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డ బాబాయి గారు మెల్లిగా అన్నారు, "ఆరుకి కొంచెం ముందుంటదండి."

చూసేను. అయిదూ యాభై ఒకటి.