మచ్చల్లేని ఆకాశం

చెరుకు బండిని కాటా మీద పెట్టి తరుగు తీస్తరు చూడండి, నా మాటలకు కూడా అట్లనే తరుగు తీసి చదువుకోండి. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

అప్పుడు బోధన్ పక్కన ఒక ఊర్లో నేను బడిపంతులును. మన చుక్కల గుంపుకు అవతల, చూపు ఆనని దూరంలో ఇంకో చుక్కల గుంపు ఉందని, దాన్ని గెలాక్సీ అంటరని ఎక్కడో చదివిన. ఇక దాని ఫోటో తియ్యాలని పిచ్చి పట్టింది. దుర్భిణి నేనే చేసిన. అద్దం అరగదీసి అరగదీసి నా వేలిముద్రలు మాసిపోయినయి. గొట్టం మాత్రం మా బాపు చెరుకు తోటలో నీళ్లు పారించడానికి తెచ్చిన రేకు గొట్టం. దాని ఒక కొస మా డాబా మీదుంటే, ఇంకో కొస మీద అవతల మోస్రా ఊరోళ్లు బట్టలారేసుకునేవాళ్లు.

బాపు రోజూ లొల్లే. "తోట ఎండుతుంటే మొగులుకు పైపేసినవా? గా బొమ్మేదో నాకు సూపెట్టు, గొట్టం నీకే ఇడిసిపెడ్త. లేకుంటె బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగ లేసిన దినమే పీక్కపోత."

పొగ లేస్తే ఎండాకాలం దాకా మాకు ఆకాశమే ఉండదు. తెల్ల ధోవతి ఆరేస్తే నల్ల కంబళి చేతికొచ్చేది.

గెలాక్సీ ఫోటో పెండ్లి ఫోటో లెక్క టక్కున నొక్కితే వచ్చేది కాదు. దుర్భిణికి బిగించిన కెమెరా మూత తెరిచిపెట్టి, పక్కనున్న చిన్న దుర్భిణిలో ఒక చుక్కను పట్టుకొని, ఆకాశం కదిలినంత మెల్లగ దుర్భిణిని జరిపే మర తిప్పుతూ గంటలకొద్ది కూర్చోవాలె. ఒకనాడు ఎడ్లబండి పోయి డాబా అదిరితే చుక్కలన్నీ వానపాములైనయి. ఒకనాడు మబ్బు. ఇంకోనాడు బాపు కందిలి పట్టుకొని పైకొచ్చి "బువ్వ తిన్నవారా?" అన్నడు. ఆ ఫిల్ములో కందిలి ఒక్కటే దివ్యంగా వచ్చింది.

చివరికి ఫ్యాక్టరీ మొదలయ్యే వారంలో ఒక మంచి రాత్రి దొరికింది. ఆ ఫిల్మును పసిగుడ్డు లెక్క పట్టుకొని బస్సులో నిజామాబాద్ పోయి, ఫోటో స్టూడియో సాబ్ చేతిలో పెట్టిన. జిల్లాలో సగం పెండ్లిళ్లు ఆయన సన్న కత్తి మీదనే నిలబడ్డయి. అమ్మవారు పోసిన పిల్ల ఫోటో ఇస్తే, నెగెటివ్ గీకి గీకి చందమామను చేసేటోడు.

మళ్లీ పోయేసరికి ఆయనే ఎదురొచ్చిండు. "రండి మాస్టర్ సాబ్, చాయ్ తాగుండ్రి. మీ ఫిల్ము సూసి పరేషానైన. ఒకటే మచ్చలు!"

నా గుండె దడ పోచంపాడ్ దాకా వినిపించి ఉంటది. "నాకు ఆ మచ్చలే కావాలె సాబ్!"

"అట్ల ఇస్తే నా దుకాణం ఇజ్జత్ ఏం గావాలె? ఒక్కొక్కటి గీకి తీసిన. నడుమ ఒక పెద్ద మరక ఉండె, అది మస్తు సతాయించింది. ఇప్పుడు సూడుండ్రి, అంతా సాఫ్!"

ఫోటో నల్లగ, నున్నగ నిగనిగలాడుతున్నది. తిడదామంటే ఆయన ముఖంల సంబంధం కుదిర్చిన సంతోషం. ఫోటో సంకల పెట్టుకొని బస్సెక్కిన. బోధన్‌ల దిగేసరికి పొగగొట్టం గుప్పుమని పొగ వదులుతున్నది.

బాపు ఫోటో చూసి "మంచిగచ్చిందిరా, చీకటి అచ్చం గిట్లనే ఉంటది" అని గొట్టం భుజానేసుకొని పోయిండు.

పైనంతా పెంచి చెప్పిన గానీ, పూర్తిగా కల్పించింది ఈ ఒక్క మాటనే. బాపు అట్ల అనలేదు. ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి "ఏడున్నదిరా?" అని అడిగిండు. "గీడ" అని ఉత్త నలుపు మీద వేలు పెట్టిన. బాపు అక్కడ్నే చాలాసేపు చూసిండు.

గొట్టం మాత్రం తెల్లారి నిజంగనే తోటకు పోయింది.